దండ వేయకూడని బస్సు

ఆటో తోలేవాడి పెళ్ళాం ఊరికి బస్సు కావాలని అర్జీ పెట్టిందంటే నల్లరాళ్లపల్లెలో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఎవరూ ఊరుకోలేదు.

"ఏం ఖాలిదూ, నీ ఆటో ఉండంగ నీ పెండ్లామే బస్సు అడిగిందంట. ఇంట్లో ఏందన్నా తగువా?" అని టీ అంగడి దగ్గర ఒకరంటే, ఖాలిద్ గ్లాసులో మిగిలిన టీ ఊదుకుంటూ తీరిగ్గా జవాబిచ్చేవాడు.

"తగువేం లేదన్నా. నా బండెక్కితే పక్కోళ్ళ మోచేతులు తగుల్తున్నాయంట. బస్సయితే ఆడోళ్ళకు ఫ్రీ, పైగా కిటికీ సీటు. దర్జాగా పోతాదంట."

అతను నవ్వులాటకే అన్నా అందులో సగం నిజం ఉంది. కిటికీ సీటంటే అతని పెళ్ళాం మున్నీకి ఇష్టమే. కానీ ఆమెకు బస్సు కావాల్సింది ఒక బల్ల కోసం.

ఆ బల్ల మార్కాపురంలో ఉంది. బస్టాండు వెనక వీధిలో రాధాకుమారి అనే ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టించే యూనిట్ నడుపుతోంది. లైనింగ్ గుడ్డ కొనడానికి పోయినప్పుడు మున్నీ ఒకసారి అందులోకి తొంగి చూసింది. గుడ్డ కోసే మనిషి బెంగుళూరుకు వెళ్ళిపోయాడని, రాధాకుమారి తాన్ల కుప్ప ముందర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "నేను కోసేదా మేడం?" అని మున్నీ నోట్లోంచి మాట అదంతట అదే వచ్చేసింది. ఇంట్లో అయితే జాకెట్టు గుడ్డ నేల మీద పరిచి, కోళ్ళు తొక్కకుండా ఒక చేత్తో అదిలిస్తూ, ఇంకో చేత్తో కోసుకోవాలి. ఇక్కడ గది ఈ కొస నుంచి ఆ కొస దాకా నున్నటి బల్ల. గుడ్డ పొరలు పొరలుగా పరిచి, సుద్దతో గీసి, బరువైన కత్తెర పెట్టి కోసుకుంటూ పోతుంటే, అన్నం వేళ దాటిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

రాధాకుమారి అదంతా చూసింది. చూసి, మెచ్చుకోలు మాట ఒక్కటీ అనకుండా నేరుగా బేరంలోకి దిగింది.

"వచ్చే నెల మొదటి సోమవారం నుంచి ఈ బల్ల నీదే. కానీ తొమ్మిదిన్నరకు ఇక్కడుండాల. నువ్వు కోసిస్తేనే గదా మిగతావాళ్ళు కుట్టేది? నువ్వు పదకొండుకొస్తే వాళ్ళంతా మిషన్ల ముందు కునికిపాట్లు పడాల. ఆ సోమవారం నువ్వు రాకపోతే కంభం ఆయనొకడు అడుగుతున్నాడు, ఆయన్ని కూచోబెడతా."

నల్లరాళ్లపల్లె నుంచి తొమ్మిదిన్నరకు మార్కాపురంలో ఉండటమంటే మాటలు కాదు. ఖాలిద్ ఆటో పొద్దున పూట తర్లుపాడు బడికి పిల్లల్ని చేరవేస్తుంది. ఆ పిల్లల్ని వదిలేసి పెళ్ళాన్ని ఎక్కించుకుని పోలేడు. మిగిలిన ఆటోలు నిండితేనే కదులుతాయి. నిండటమంటే డ్రైవరుకు అటొకరు, ఇటొకరు కూర్చున్నాక కూడా, ఇంకెవరైనా వస్తారేమోనని దారి వైపు చూస్తూ ఉండటం. అందుకని మున్నీ బుర్ఖా వేసుకుని, పక్కింటి మస్తానమ్మను తోడు తీసుకుని డిపోకు వెళ్ళింది. మస్తానమ్మకు గొర్రెల మంద ఉంది, పెద్ద గొంతు ఉంది. ఆఫీసుల్లో రెండోది పనికొస్తుందని మున్నీ లెక్క.

గొంతు అవసరం రాలేదు. డిపోలో రూట్లు చూసే ఆనంద్ బాబు ఒంగోలు వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి, ఇంకా విసుక్కోవడం అలవాటు కాలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి, కాగితం మీద గీత గీసి చూపించాడు.

"చూడమ్మా, ఉన్నది ఒకటే బండి. తొమ్మిదింబావుకు గిద్దలూరు ట్రిప్పు ఎత్తుకోవాలి. అంతకుముందు కాస్త ఖాళీ ఉంది. ఆ ఖాళీలో మీ ఊరు దూరుతుందేమో చూద్దాం. ఎనిమిదింటికి మీ ఊళ్ళో బయల్దేరి, తొమ్మిదింటికల్లా ఇక్కడ స్టాండులో ఉండాలి. గంటలో వస్తే రూటు కుదిరినట్టే. రాకపోతే గిద్దలూరు జనం నన్ను కొరికేస్తారు."

"వస్తాది సార్, ఎందుకు రాదు? దారి బాగుంది," అంది మున్నీ.

"బాగుందని మీరంటే సరిపోదుగా. గురువారం ట్రయల్ వేస్తాను. నేనే బండిలో కూర్చుని టైం చూసుకుంటాను."

ఇంటికి వస్తూ వస్తూ మున్నీ చేసిన పని ఒక్కటే. దారిలో కనపడిన వాళ్ళందరికీ గురువారం బస్సు వస్తోందని, వచ్చే సారును బాగా చూసుకోవాలని చెప్పింది. అక్కడే తప్పు జరిగింది.

ఆ వైపు పల్లెల్లో కొత్తగా ఏదొచ్చినా ఉత్త చేతుల్తో పలకరించరు. బోరులో నీళ్ళు పడితే కొబ్బరికాయ, ట్రాక్టరు కొంటే గుమ్మడికాయ. కరెంటోళ్ళు ట్రాన్స్‌ఫార్మరు మార్చినప్పుడు దానికి కూడా దూరం నుంచే పసుపునీళ్ళు చల్లి దండం పెట్టుకున్నారు. అలాంటి చోట, నిండా సీట్లున్న నిజం బస్సు ఊళ్ళోకి వస్తుంటే చేతులు ముడుచుకుని కూర్చుంటారా?

గురువారం పొద్దున బస్సు పల్లెలో ఆగేసరికి ఊరు ఊరంతా దారి మీద ఉంది. డ్రైవరు యాకోబు దిగకముందే నాలుగు దండలు పడ్డాయి. బొట్టు పెట్టబోతే అతను తల వెనక్కి లాక్కున్నాడు.

"నాకొద్దు తల్లీ, బండికి పెట్టండి."

బండికి పెట్టండి అన్నాడు గదా అని ఆడవాళ్ళు ముందరి అద్దం నిండా పెట్టారు. ఆ పసుపూ కుంకుమా తుడుచుకుంటే తప్ప యాకోబుకు దారి కనపడలేదు. తుడుస్తుండగా మస్తానమ్మ వచ్చింది. వట్టిగా రాలేదు, గంట కట్టిన పెద్ద పొట్టేలిని పట్టుకుని వచ్చింది. వాళ్ళ ఇంట్లో కొత్త బండి ఏదొచ్చినా మంద పొట్టేలు దాని చుట్టూ మూడు సార్లు తిరగాలి. మామగారి కాలం నుంచీ అదే ఆనవాయితీ.

"పొట్టేలు ఒక్కటే తిరుగుతాది సార్, చిటికెలో అయిపోతాది," అని ఆనంద్ బాబుకు చెప్పింది.

పొట్టేలు కదిలితే మంద ఆగుతుందా? దొడ్డి తలుపు తోసుకుని గొర్రెలన్నీ దాని వెనకే వచ్చాయి. బస్సు చుట్టూ గొర్రెల దండ పడింది. మూడో చుట్టుకు వచ్చేసరికి ముందరి పొట్టేలికి వెనక గొర్రెలు ఎదురై, ఎవరు ఎవరి వెంట పోతున్నారో తెలియక మొత్తం నిలబడిపోయాయి. కిటికీలోంచి ఆనంద్ బాబు ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నాడు. టైం చూసుకోవడానికి తెచ్చుకున్నదీ ఆ ఫోనే.

ఎలాగో మందను తప్పించి, మున్నీని, మస్తానమ్మను ఎక్కించుకుని బస్సు కదిలింది. తర్వాత దర్గా మలుపు. అక్కడ దర్గా చూసుకునే ముజావరు బుడే సాహెబ్ పళ్ళెంలో తీపి మలీదా ముద్దలు పెట్టుకుని, పైన పచ్చటి గుడ్డ కప్పి సిద్ధంగా ఉన్నాడు. ఆయన్ని రమ్మన్నది మున్నీయే. ఆయన ఫాతెహా చదివి, అందరికీ చేతుల్లో పెట్టి, ఆనంద్ బాబుకు మాత్రం రెండు ముద్దలు పెట్టాడు.

ఎర్రకుంటలో సంగతి ఇంకా ముదిరింది. ఆ ఊరి పెద్ద ఓబులయ్య, నల్లరాళ్లపల్లెలో ఏమేం చేస్తున్నారో ఎప్పటికప్పుడు ఫోన్లో తెలుసుకుంటూనే ఉన్నాడు. వాళ్ళు ఒక గుమ్మడికాయ కొడితే వీళ్ళు మూడు తెచ్చారు. వాళ్ళు దండలేస్తే వీళ్ళు శాలువా తెచ్చారు. డప్పులు సరేసరి. ఆపైన ఓబులయ్య బస్సు మెట్టెక్కి మాట్లాడటం మొదలుపెట్టాడు. కాలిబాట రోజుల నుంచి ఎత్తుకుని ఎడ్లబండి దాకా వచ్చి, జీపు గురించి చెప్పబోతుంటే యాకోబు మెల్లగా హారన్ కొట్టాడు. దాన్ని మెచ్చుకోలనుకుని జనం చప్పట్లు కొట్టారు.

బస్సు మార్కాపురం స్టాండుకు చేరేసరికి పది కావస్తోంది. గిద్దలూరు పోవాల్సిన జనం సంచులతో సహా బస్సును చుట్టుముట్టారు. ఆనంద్ బాబు చెవుల దాకా దండలతో, భుజాన శాలువాతో, ఒళ్ళో కొబ్బరి చిప్పలతో దిగాడు. కోపం తెచ్చుకుందామంటే నోట్లో ఇంకా మలీదా ఉంది. అది మింగి, మున్నీ వైపు జాలిగా చూశాడు.

"ఇంత మర్యాద నా పెళ్ళిలో కూడా జరగలేదమ్మా. కానీ రూటు కుదరదు."

"అయ్యో సార్! ఆలస్యం చేసింది దారి గాదు, మేము," అంది మున్నీ.

"నేను పైకి పంపేటప్పుడు దారి వేరు, మీరు వేరు అని ఎలా చెప్పను? బండి గంటలో రాలేదు, అంతే."

"రోజూ దండలెయ్యరు గదా సార్!"

"ఏమో తల్లీ. మీ ఊళ్ళను చూస్తే నాకు నమ్మకం లేదు." అని, ఆమె మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "సరే, సోమవారం ఇంకొక్కసారి. ఒక్క కొబ్బరికాయ పగలకూడదు. ఒక్క డప్పు మోగకూడదు. అప్పుడు కూడా గంట దాటితే ఈ బండిని ఇంకో రూటులో వేసేస్తాను. ఇంక నన్నడగొద్దు."

రాధాకుమారి చెప్పిన సోమవారమూ అదే.

ఇంటికి పోయే దారిలో మస్తానమ్మ తనంతట తనే అంది, "పొట్టేలిని కట్టేస్తాలే అమ్మీ. కానీ మనింటికొచ్చిన దాన్ని ఊరికే పంపించాలంటే నాకు చేతులాడవు."

"చేతులు కట్టుకో అత్తా. ఒక్కరోజు. బస్సు రోజూ వచ్చేటట్లయితే నువ్వు నెలకొకసారి పొట్టేలిని తిప్పుకో, నేనే గంట కడతా."

"నెలకొకసారా? అట్లయితే సరే."

మర్యాద చెయ్యమని చెప్పడం సులువు, వద్దని చెప్పడమే కష్టమని మున్నీకి ఆ మూడు రోజుల్లో తెలిసొచ్చింది. బుడే సాహెబ్ బాధపడ్డాడు. "దువా కూడా చెయ్యగూడదా బేటీ?" అంటే, "మనసులో చెయ్యి నానా, పళ్ళెం మాత్రం ఇంట్లో పెట్టు," అని ఒప్పించింది. ఎర్రకుంటలో ఓబులయ్యతోనే అసలు పంచాయితీ.

"మీ ఊరోళ్ళు చాటుగా ఒక కాయ కొట్టరని ఏంది గ్యారంటీ?" అన్నాడాయన మంచం మీద కాలు మీద కాలు వేసుకుని. "వాళ్ళు కొట్టి, మేము కొట్టకపోతే, ఎర్రకుంటోళ్ళు పిసినారోళ్ళని తర్లుపాడు దాకా చెప్పుకుంటారు."

"ఎవరూ కొట్టరు మామా. నేనే బస్సులో ముందర కూచోని వస్తా గదా, సాక్ష్యం."

"చెయ్యి ఊపొచ్చా?"

"వద్దు మామా."

"నవ్వొచ్చా?"

"నవ్వితే మాటొస్తాది. మాటొస్తే నువ్వు మెట్టెక్కుతావు. ఎందుకొచ్చిన తంటా, అసలు బస్సు వైపే చూడగాకండి. బస్సు రానట్టే ఉండండి."

ఓబులయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే కోడలా. మేము ఒకసారి మాటిచ్చినామంటే ఇచ్చినట్టే. మా ఊరు నీ బస్సును చూడనే చూడదు. మీ ఊరి కంటే ఎక్కువగా చూడదు."

సోమవారం వచ్చింది. మున్నీ తెల్లారకముందే లేచి, టిఫిను డబ్బా సర్దుకుని, కొత్త చున్నీ వేసుకుంది. ఎనిమిదింటికి బస్సు వచ్చి ఆగింది. దారి మీద ఒక్క పురుగు లేదు. మున్నీ ఎక్కింది. వెనకే మస్తానమ్మ ఎక్కింది. "నేను లేకుంటే ఎవడన్నా దండ తెస్తాడు, నేనొస్తా కాపలాకి," అని ఆమె కూడా బయల్దేరింది. కట్టేసిన పొట్టేలు దొడ్డిలోంచి అరుస్తోంది.

బస్సు కదిలింది. రెండు వైపులా ఇళ్ళ ముందర జనం ఉన్నారు. కానీ అందరూ వీపులు ఇటు తిప్పి నిలబడ్డారు. ఒకామె గోడతో మాట్లాడుతున్నట్టు నిలబడింది. ఒకాయన ఉతికి ఆరేసిన పంచెను మళ్ళీ మళ్ళీ ఆరేస్తున్నాడు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు యాకోబు గేరు మారుస్తూ. "మొన్న తిరునాళ్ళ మాదిరి ఉంది. ఈ పొద్దు ఊరు అలిగినట్టుంది."

"మీరు పోనియ్యండన్నా, బాగుంది," అంది మున్నీ. నిజంగానే ఆమెకు బాగుంది. ఊరు ఇంత మాట మీద నిలబడుతుందని ఆమె కూడా అనుకోలేదు. దర్గా మలుపులో బుడే సాహెబ్ ఒక్కడే ఉన్నాడు. ఆయన బస్సుకు వీపు తిప్పి నిలబడి, చేతులు మాత్రం దువాలో పైకెత్తి ఉంచాడు. బస్సు ఆయన్ని దాటిపోయింది.

కంది చేలు దాటాయి. పలకరాళ్ళ కుప్పలు దాటాయి. ఎర్రకుంట వచ్చింది.

ఎర్రకుంట అంతా రోడ్డు పక్కనే ఉంది. మడత విప్పిన చీరలు, తలకు నూనె, చేతుల్లో సంచులు. ముందర ఓబులయ్య, ఇస్త్రీ చొక్కాతో. ఒక్కరు కూడా బస్సును చూడటం లేదు. అందరూ తలలెత్తి, ఎదురుగా ఉన్న బోడిగుట్టను తదేకంగా చూస్తున్నారు. ఆ గుట్ట మీద చూడటానికి ఏమీ లేదు.

యాకోబు బండి నెమ్మది చేశాడు. ఒక్క చెయ్యి పైకి లేవలేదు. చెయ్యి ఎత్తకపోతే ఎవరూ ఎక్కరన్నది ఏ డ్రైవరుకైనా తెలిసిన సంగతే. అతను మళ్ళీ వేగం పెంచాడు.

ముందరి సీట్లో ఆనంద్ బాబు ఫోను చూసుకుని, "టైం బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు. ఆ వెంటనే వెనక్కి తిరిగి ఖాళీ సీట్లన్నీ ఒకసారి చూశాడు. "కానీ ఒక సంగతి చెప్పమ్మా. ఈ బస్సు ఎవరికోసం? ఇంత దూరం వచ్చాం, ఎక్కింది మీరిద్దరు. ఇద్దరి కోసం బండి తిప్పుతానంటే పైవాళ్ళు కాగితం నా మొహాన కొడతారు."

మున్నీ కూడా ఆ ఖాళీ సీట్ల వైపు చూసింది. మొన్న మనుషులు ఎక్కువై బస్సు పోయింది, ఈ రోజు మనుషులు లేక పోతోంది. రెండుసార్లూ చెడగొట్టింది తన నోరే. బల్ల, కత్తెర, కంభం మనిషి ఆ బల్ల ముందర కూర్చుని సుద్ద పట్టుకోవడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది.

ఎర్రకుంట జనం ఇప్పుడు గుట్టను చూడటం లేదు. బస్సు వెళ్ళిన వైపు చూస్తున్నారు. పెళ్ళి భోజనాలకు పోయి చివరి బంతి కూడా లేచిపోయిందని తెలుసుకున్న వాళ్ళలా ఉన్నాయి ఆ మొహాలు. వాళ్ళ చేతుల్లో సంచులు ఎందుకున్నాయో అప్పుడర్థమైంది మున్నీకి. వాళ్ళంతా ఎక్కడానికే వచ్చారు. ఎక్కడం కూడా మర్యాదలోకే వస్తుందేమోనని ఆగిపోయారు.

"ఆపన్నా! ఆపు!"

బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే మున్నీ తలుపు దగ్గరికి పరుగెత్తి, రాడ్డు పట్టుకుని బయటికి వంగి కేకేసింది.

"మామా! ఎక్కండి! అందరూ ఎక్కండి!"

దూరం నుంచి ఓబులయ్య గొంతు వచ్చింది. "ఎక్కొచ్చా?"

"ఎక్కొచ్చు!"

"చూడొచ్చా?"

"చూస్తా చూస్తా ఎక్కండి మామా, రాండి!"

ఎర్రకుంట కదిలింది. చెప్పులు చేత పట్టుకున్నవాళ్ళు, కుచ్చిళ్ళు ఎగదోపుకున్నవాళ్ళు, సంచులు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు, అందరూ రోడ్డు మీద పరుగు. మందను దొడ్డిలోకి తోలడం చేతనైన మస్తానమ్మ మెట్ల దగ్గర నిలబడి, "హెయ్, లోపలికి, లోపలికి! ఆడ నిలబడగాకు! నువ్వా సందులో దూరు!" అంటూ ఒక్కొక్కరి వీపు మీద చెయ్యేసి తోసింది. ఏ కండక్టరూ అంత తొందరగా బస్సు నింపి ఉండడు. అందరికంటే చివర ఓబులయ్య ఎక్కాడు. మెట్టు మీద కాలు పెట్టగానే అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. మస్తానమ్మ చూసిన చూపుకు ఆ గొంతును అలాగే మింగేసి సీట్లో కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పండి సార్, ఎవరికోసం బస్సని," అంది మస్తానమ్మ.

ఆనంద్ బాబు ఇద్దరు ముసలమ్మల మధ్య ఇరుక్కుని ఫోను పైకెత్తి చూసుకుంటున్నాడు. "టైం తింటున్నారమ్మా," అన్నాడు మాత్రం.

యాకోబు బండిని వేగంగా తోలాడు. తర్లుపాడు దగ్గర ఖాలిద్ ఆటో ఎదురొచ్చింది. పిల్లల్ని బడిలో దింపి తిరిగొస్తున్నాడు. బస్సును చూడగానే, పెళ్ళాం చెప్పినట్టే, ఆటో పక్కకు ఆపి మొహం చేలవైపు తిప్పుకున్నాడు.

"ఏయ్, చూడొచ్చు!" అని మున్నీ కిటికీలోంచి అరిచింది.

ఖాలిద్ తల తిప్పాడు. నిండిపోయిన బస్సును, కిటికీలో పెళ్ళాన్ని చూశాడు. చేత్తో ఏం చెయ్యాలో తెలియక ఆటో హారన్ మీద వేశాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ హారన్ ఆగలేదు.

మార్కాపురం ఊళ్ళోకి వచ్చేటప్పుడు గడ్డివామంత ఎత్తున గడ్డి వేసుకున్న ట్రాక్టరొకటి ముందర పడింది. రోడ్డు మొత్తం దానిదే. యాకోబు కుడికి వస్తే అదీ కుడికి, ఎడమకు వస్తే అదీ ఎడమకు. ఎర్రకుంట అంతా సీట్లలోంచి ముందుకు వంగింది. ఓబులయ్య ఎదురుగా ఉన్న గడ్డిని కోపంగా చూస్తున్నాడు, ఆ చూపుకే పక్కకు తొలుగుతుందన్నట్టు. పెట్రోలు బంకు దగ్గర అది నిజంగానే తొలిగింది.

బస్సు స్టాండులోకి తిరిగి ఆగింది. గోడ గడియారం ఎవరూ చూడలేదు, అందరూ ఆనంద్ బాబు మొహమే చూశారు. అతను ఫోను చూశాడు. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు.

"తొమ్మిది కాలేదు," అన్నాడు.

ఎవరూ కిక్కురుమనలేదు.

"ఏమ్మా, తొమ్మిది కాలేదంటున్నాను. రూటు కుదిరింది. పైనుంచి సంతకం తెప్పించే పూచీ నాది. ఎవరూ మాట్లాడరేం?"

ఓబులయ్య సీట్లోంచి లేచి వినయంగా అడిగాడు. "మాట్లాడొచ్చా సార్?"

"ఇప్పుడు మాట్లాడొచ్చు."

అప్పుడు లేచిన కేకలకు గిద్దలూరు బస్సు కోసం కూర్చున్న జనం ఏం జరిగిందోనని లేచి నిలబడ్డారు. బస్సులో ఒకరినొకరు గుద్దుకున్నారు, వాటేసుకున్నారు, సీట్ల మీద దరువేశారు. మస్తానమ్మ ఎర్రకుంట ఆడవాళ్ళతో ఏడాదిగా మాటల్లేవన్న సంగతి మరిచిపోయి వాళ్ళ బుగ్గలు పట్టుకుంది. యాకోబు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. తర్వాత గిద్దలూరు జనం ఎక్కడానికి తలుపు దగ్గర తోసుకుంటుంటే, వీళ్ళంతా దిగక తప్పలేదు. బస్సు గిద్దలూరుకు పోయింది.

అది పోయాక తెలిసింది అసలు సంగతి. ఇంతమందిలో మార్కాపురంలో పనున్నది మున్నీకి ఒక్కదానికే.

"మామా, మీరంతా యాడికి పోతారు?" అంది ఆమె.

"మాకేం పనుంది? బస్సు ఎక్కేదానికొచ్చినాము, ఎక్కినాము," అన్నాడు ఓబులయ్య. "తిరుగు బస్సు ఎప్పుడో?"

"సాయంత్రం."

ఓబులయ్య అటూ ఇటూ చూశాడు. "అంతదాకా ఈడ నిలబడేదానికి కాళ్ళు నొప్పులు. నీ పనేందో, ఆ బల్లేందో చూస్తాం పద."

"అంతమందా?"

"ఏం, రాగూడదా?"

రాకూడదని ఇంకొకసారి చెప్పే ఓపిక మున్నీకి లేదు. టిఫిను డబ్బా చంకన పెట్టుకుని వెనక వీధిలోకి నడిచింది. ముందర ఆమె, పక్కన మస్తానమ్మ, వెనకాల ఎర్రకుంట. దుకాణాల వాళ్ళు షట్టర్లు ఎత్తుతూ ఎత్తుతూ ఆగి చూశారు. ధర్నా అనుకుని ఒకాయన సగం ఎత్తిన షట్టర్ మళ్ళీ దించేశాడు.

యూనిట్ తలుపు దగ్గర నిలబడి ఉన్న రాధాకుమారి వీధి మొదట్లోనే ఆ జనాన్ని చూసి ఒక అడుగు లోపలికి వేసింది.

"ఏందమ్మా ఇది? ఎవరు వీళ్ళంతా?"

"మా బస్సోళ్ళు మేడం."

"అందరూ కోస్తారా?"

"లేదు మేడం, నేనొక్కదాన్నే కోసేది. వాళ్ళు నన్ను దింపేదానికొచ్చినారు."

రాధాకుమారి లోపల గడియారం వైపు చూసింది. ముల్లు తొమ్మిదిన్నరకు ఇంకా ఇవతలే ఉంది. ఆమె పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలింది. "చెప్పినట్టే వచ్చినావు. కంభం ఆయనకు ఫోన్ చేసి రావద్దంటా. రా లోపలికి."

"ఆగు తల్లీ," అంది మస్తానమ్మ గొంతు పెంచి. "టైముకు ముందే వచ్చినాం గదా. ఆ మిగిలింది మాది."

మూడు రోజులుగా కట్టుకున్న చేతులు అప్పుడు విప్పింది మస్తానమ్మ. రెండు అరచేతుల్తో మున్నీ మొహం నిమిరి, తన కణతలకు ఆనించుకుని, పది వేళ్ళూ పటపటమని విరిచింది. నల్లరాళ్లపల్లె ఆమె దిష్టి తీశాక ఎర్రకుంట ఆడవాళ్ళు ఊరుకుంటారా? వరసగా వచ్చి ఒక్కొక్కరూ మెటికలు విరిచారు. వీధిలో పటాకుల దండ అంటించినట్టే ఉంది. మున్నీ నవ్వు ఆపుకోలేక, ఏడుపు ఆపుకోలేక, చున్నీతో మొహం తుడుచుకుంటూ గుమ్మం దాటింది.

లోపల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. మిషన్ల ముందర ఆడవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. మున్నీ డబ్బా కింద పెట్టి, గుడ్డ అంచులు కలిపి, చెయ్యి వేసి ముడతలు దువ్వింది. సుద్ద తీసుకుని మొదటి గీత గీసింది. కత్తెర పెట్టి ఒక్క ఊపు కోసిందో లేదో, కిటికీ చువ్వల మధ్య ఓబులయ్య మొహం ప్రత్యక్షమైంది.

"కోడలా, ఈ ఊర్లో దోసెలు యాడ బాగుంటాయి?"

"పోస్టాఫీసు పక్కన మామా," అంది మున్నీ కత్తెర ఆపకుండా. "కిటికీకి అడ్డం తొలుగు, గుడ్డ మీద నీడ పడతా ఉంది."